డ్యాష్‌క్యామ్ కొనేముందు మే నెలను తలచుకోండి

విజయవాడలో కారు సామాన్లు అమ్మే ఏ షాపుకు వెళ్లి డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దానికి అంటించి, దారిని రికార్డు చేసే కెమెరా) అడిగినా మొదట వినిపించే మాట "4కె ఉంది సార్" అనే. చిత్రం ఎంత స్పష్టంగా పడుతుందో చెప్పే ఆ అంకె పెట్టె మీద కూడా అన్నిటికంటే పెద్దగా ఉంటుంది. మూడు నాలుగు వేల కెమెరా నుంచి పాతిక వేల కెమెరా దాకా బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే ఆ అంకెను నాలుగో ప్రశ్నగా పెట్టుకోవాలి. దానికి ముందు అడగాల్సినవి మూడున్నాయి. రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలిపిన కారు అద్దానికి అంటుకుని ఈ వస్తువు బతుకుతుందా? గుద్దుకున్న ఆ నిమిషం మెమరీ కార్డులో నిజంగా పడుతుందా? పడిన వీడియో పోలీసు స్టేషన్లోనూ ట్రైబ్యునల్లోనూ నిలబడుతుందా?

అసలు ఇది అవసరమా అనేవాళ్లూ ఉన్నారు. మన రోడ్ల మీద తగవు తీర్చే పద్ధతి తెలిసినవాళ్లకు ఆ అనుమానం రాకూడదు. సర్వీసు రోడ్డులో రాంగ్ రూటులో వచ్చిన బైకు మీ కారుకు తగిలినా, మూగినవాళ్లు ముందు చూసేది ఏ బండి పెద్దదని. పెద్ద బండివాడిదే తప్పు, ఎంతో కొంత ఇచ్చి పంపేయాలి: ఇదే అక్కడికక్కడ వెలువడే తీర్పు. రామవరప్పాడు రింగు దగ్గరైనా, వారధి దిగాక తాడేపల్లి దగ్గరైనా, సీజన్లో లారీలు బారులు తీరిన గుంటూరు మిర్చి యార్డు దారిలోనైనా తీర్పు ఒక్కటే. ఆ గుంపులో నిజంగా జరిగింది చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. పోలీసులు వచ్చేసరికి వాళ్లూ ఉండరు.

ఇంకో లెక్క కూడా ఉంది, ఇది కారున్నవాళ్లకే పరిమితం కాదు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుడి కుటుంబానికి దక్కేది 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు. బండి నంబరు దొరికి, దానికి బీమా ఉంటే, మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ బాధితుడి వయసు, సంపాదన, అతని మీద ఆధారపడినవాళ్లను లెక్కగట్టి పరిహారం నిర్ణయిస్తుంది. అది చాలా కేసుల్లో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. మీ ముందు వెళుతున్న బైకును గుద్ది వెళ్లిపోయిన లారీ నంబరు మీ కెమెరాలో ఉంటే, దానివల్ల మేలు పొందేది ముక్కూమొహం తెలియని ఒక కుటుంబం.

ఎండ చేసే ఎంపిక

బెజవాడ ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మేలో 44, 45 డిగ్రీలు చూశాం. పల్నాడులోని రెంటచింతల పేరు ఏటా పత్రికల్లో ఎందుకు కనిపిస్తుందో కూడా తెలుసు. అది నీడలో కొలిచిన వేడి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది. కెమెరా ఉండేది దానికి పైన, అద్దానికి ఆనుకుని. ముందు అద్దానికి అడ్డంగా పెట్టే వెండిరంగు అట్ట సీట్లనూ స్టీరింగునూ కాపాడుతుందే గానీ కెమెరాను కాదు. కెమెరా అట్టకు అవతల, సూర్యుడి వైపే ఉండిపోతుంది.

చవక కెమెరాల్లో చిన్న లిథియం బ్యాటరీ పెడతారు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మిట్టమధ్యాహ్నం కారు తీసి తాళం తిప్పగానే సరిగ్గా ఆ పనే జరుగుతుంది. ఒకటి రెండు వేసవులకు బ్యాటరీ ఉబ్బి కెమెరా డొక్క విచ్చుకుంటుంది, లేదా కెమెరా తనంతట తానే ఆగిపోతూ వెలుగుతూ ఉంటుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే సూపర్ కెపాసిటర్. అది నిలవ చేసుకునే కరెంటు చాలా కొద్ది. కారు ఆగినప్పుడు, చివరి ఫైలును మూసి భద్రపరచడానికి కావలసిన కొన్ని సెకన్లకే సరిపోతుంది. అంతకుమించి దానితో పనీ లేదు. దాదాపు 70 డిగ్రీల దాకా పనిచేసేలా తయారైన కెమెరాలు ఉన్నాయి, పెట్టె వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. షాపులో పెట్టె తిరగేసి ఆ రెండు సంగతులూ చూడండి: లోపల ఉన్నది బ్యాటరీనా కెపాసిటరా, ఎంత వేడి దాకా పనిచేస్తుంది. రెండూ రాసి లేకపోతే ఆ పెట్టె అక్కడే పెట్టేయవచ్చు. స్క్రీను ఎంత పెద్దది, యాప్ ఎంత అందంగా ఉంది అన్నవి ఈ ఊళ్లో ఆ తర్వాతి మాట.

అద్దానికి పట్టించే పద్ధతిని కూడా ఎండే నిర్ణయిస్తుంది. రబ్బరు సక్షన్ కప్పు ఎండకు మెత్తబడి జారిపోతుంది. రెండువైపులా అంటుకునే గట్టి నురగ టేపుతో వచ్చేదే మేలు. వెనక చూసుకోవడానికి మధ్యలో ఉండే అద్దానికి తొడిగే పది అంగుళాల మిర్రర్ క్యామ్‌లు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఆ బరువుకు గతుకుల్లో ఊగుతాయి, పగటి వెలుతురులో వెనక దృశ్యం సరిగా కనిపించదు. నేనైతే వాటి జోలికి పోను.

కార్డు సంగతి

కెమెరాకు ఎనిమిది వేలు పెట్టి, కార్డు దగ్గర మూడు వందలు మిగుల్చుకునేవాళ్లు చాలామంది. డ్యాష్‌క్యామ్ ఒక నిమిషం, మూడు నిమిషాల ముక్కలుగా రాసుకుంటూ పోయి, కార్డు నిండగానే అన్నిటికంటే పాత ముక్కను చెరిపి దాని చోట కొత్తది రాస్తుంది. ఫోనులో పెట్టుకున్న కార్డు మీద ఏడాదికి జరిగే రాత ఇక్కడ కొద్ది రోజుల్లో జరిగిపోతుంది. సాధారణ కార్డు ఆ రాపిడికి అరిగిపోతుంది. కార్డు చచ్చిపోయిన సంగతి కెమెరా చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. లైటు వెలుగుతూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. సీసీ కెమెరాలకూ డ్యాష్‌క్యామ్‌లకూ పనికొచ్చేలా "హై ఎండ్యూరెన్స్" అని రాసి అమ్మే కార్డులు వేరే ఉన్నాయి. వాటి మీద రాసే వేగాన్ని చెప్పే యూ3 లేదా వీ30 గుర్తు కూడా ఉందో లేదో చూసుకోవాలి. పేరున్న కంపెనీల నకిలీ కార్డులు బజారులో బాగా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లిచ్చే చోటే కొనాలి.

ఎంత పెద్ద కార్డు కావాలన్నది చిన్న లెక్క. మంచి 4కె కెమెరా సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున రాస్తుందనుకుంటే గంటకు 11 జీబీ అవుతుంది. వెనక కెమెరాకు అందులో సగం కలిపితే 16 జీబీ దాటుతుంది. అంటే 64 జీబీ కార్డులో మూడున్నర గంటలే నిలుస్తాయి. పొద్దున విజయవాడలో బయలుదేరి హైదరాబాద్ చేరేసరికి ఐదు గంటలు పడుతుందనుకోండి. గొల్లపూడిలో ఎవరో గీసుకుపోయిన సంగతి మీరు హైదరాబాద్‌లో దిగి చూసుకునేసరికి ఆ ముక్క చెరిగిపోయి ఉంటుంది. కుదుపు తగిలినప్పుడు ఆ ముక్కను చెరపకుండా తాళం వేసే జీ-సెన్సర్ ఉంటుంది నిజమే, కానీ మెల్లగా గీసుకుపోయిన బండిని అది పట్టుకోలేదు. మన గుంతల రోడ్ల మీద దాన్ని మరీ సున్నితంగా పెడితే ప్రతి గుంతా ప్రమాదంగా నమోదై, తాళం వేసిన ముక్కలతో కార్డు నిండిపోతుంది. సున్నితత్వం తక్కువలో పెట్టి, 128 జీబీ కార్డు వేయడమే దీనికి మందు. నెలకోసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. ఆ వంకన వీడియో పడుతోందో లేదో కూడా ఒకసారి చూసినట్టవుతుంది.

నంబరు ప్లేటు చదవగలదా?

ఇప్పుడు 4కె దగ్గరికి వద్దాం. కెమెరా స్పష్టతకు ఉన్న అసలు పరీక్ష నంబరు ప్లేటు. కార్లకు వచ్చే పొడవాటి హై సెక్యూరిటీ ప్లేటు వెడల్పు 500 మిల్లీమీటర్లు, అంటే అర మీటరు. పది మీటర్ల దూరంలో అది కెమెరా కంటికి మూడు డిగ్రీల లోపే. కెమెరా అడ్డంగా 120 డిగ్రీలు చూస్తుందనుకుంటే, 4కె కంటే కింది మెట్టయిన 1080పి చిత్రంలో అడ్డంగా ఉండే 1920 చుక్కలు డిగ్రీకి 16 చొప్పున పంచుకోవాలి. ప్లేటు మొత్తానికి దక్కేవి 45 చుక్కలు. అందులో పది అక్షరాలూ అంకెలూ ఇమడాలి, ఒక్కోదానికి నాలుగు చుక్కలు. 8 ఏదో, 'బీ' ఏదో దేవుడికే తెలియాలి. అదే 4కెలో చుక్కలు రెట్టింపు, ఒక్కోదానికి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి, తంటాలుపడి చదువుకోవచ్చు. 1080పిలోనైనా ప్లేటు ఐదు మీటర్ల దగ్గరికి వస్తే అదే ఫలితం. 4కె కొనిపెట్టేది ఈ ఐదు మీటర్ల అదనపు దూరాన్నే. 2కె రెండింటికీ మధ్యలో ఉంటుంది, ఊళ్లో తిరిగే కారుకు ధరకు తగ్గ ఎంపిక అదేనని నా అభిప్రాయం. బైకు ప్లేటు ఇంకా చిన్నది, వెడల్పు 200 మిల్లీమీటర్లే, కాబట్టి బాగా దగ్గరికి వస్తే తప్ప ఏ కెమెరాతోనూ ఆశ పెట్టుకోవద్దు.

ఈ లెక్కలోనే ఇంకో కిటుకు దాగి ఉంది. 170 డిగ్రీలు చూస్తుందని గొప్పగా చెప్పే కెమెరా అవే చుక్కలను ఇంకా ఎక్కువ చోటికి పంచుతుంది. ఎంత వెడల్పుగా చూస్తే ఒక్కో ప్లేటుకు అంత తక్కువ దక్కుతాయి. 120, 140 మధ్య ఉంటే చాలు. పైగా 4కె అని రాసిన చవక కెమెరాల్లో కొన్నింటికి అసలు అన్ని చుక్కలుండవు. చిన్న సెన్సర్ తీసిన చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తారు. పాలు అవే, నీళ్లు పోసి కొలత పెంచడం. సెన్సర్ పేరు అడిగితే గుట్టు తెలుస్తుంది. సోనీ ఐఎంఎక్స్ 415, 678 లాంటివి 8 మెగాపిక్సెళ్లవి, నిజమైన 4కె తీయగలవు. ఐఎంఎక్స్ 335 అయితే 5 మెగాపిక్సెళ్లే. దాని పక్కన 4కె అని రాసి ఉంటే నవ్వుకుని ముందుకు వెళ్లాలి. ఈ మూడింటిలో స్టార్విస్ 2 తరానికి చెందిన 678 చీకట్లో మిగతావాటికంటే నయం.

నయమే, అద్భుతం కాదు. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో చిత్రానికి సెకనులో ముప్పయ్యో వంతు దాకా కన్ను తెరిచి ఉంచుతుంది. మీరు 60లో, ఎదుటి బండి 60లో వస్తుంటే ఆ కాస్త సమయంలోనే రెండింటి మధ్య దూరం మీటరు పైన తగ్గిపోతుంది. ప్లేటు మసకబారక ఏం చేస్తుంది? పైగా హై సెక్యూరిటీ ప్లేటు వెలుతురును తిప్పికొట్టే రకం కాబట్టి, దగ్గరికి వచ్చాక మీ హెడ్‌లైట్లకే తెల్లగా మెరిసిపోతుంది. రాత్రిపూట జాతీయ రహదారి మీద ఎదురుగా వచ్చే బండి నంబరు పట్టే డ్యాష్‌క్యామ్ ఈ ధరల్లో లేదు. దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది: నంబరు కంటపడిన వెంటనే గట్టిగా పైకి చదవడం. మైకు ఆన్‌లో ఉంటే మీ గొంతే రికార్డవుతుంది. మైకు ఉంటే ఇంట్లో మాటలన్నీ పడతాయన్న సంకోచం సహజమే. అది ఎవరింటి సంగతి వారు తేల్చుకోవాలి. ప్రయాణమంతా ఆపి ఉంచి, అవసరమైనప్పుడు ఒక్క మీటతో మైకు తెరిచే సౌకర్యం కొన్ని కెమెరాలకు ఉంది.

బిగించడం

చోటు మధ్య అద్దానికి వెనక, డ్రైవరుకు కనపడకుండా ఎడమ పక్కకు ఉండాలి. వైపర్ తుడిచే పరిధిలో ఉండటం తప్పనిసరి, లేకపోతే తొలకరి వానకే కెమెరా గుడ్డిదవుతుంది. అద్దం అంచున ఉండే నల్ల చుక్కల మీద టేపు సరిగా పట్టదు. అక్కడే ఫాస్టాగ్ స్టిక్కరు కూడా ఉంటుంది. దాని మీదికి కెమెరా గానీ దాని రేకు గానీ వస్తే కాజ టోల్‌గేటు దగ్గర వెనక హారన్ల మోత వినాల్సి వస్తుంది. కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. వాన సెన్సర్, లేన్ చూసే కెమెరా ఉన్న కొత్త కార్లలో వాటి ముందు కూడా ఏదీ రాకూడదు.

అంటించే ముందు అద్దాన్ని లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, టేపును అరనిమిషం గట్టిగా అదిమిపెట్టాలి. కుదిరితే ఒక రోజు ఆగి ఆ తర్వాతే కెమెరా తగిలించాలి. అంత ఓపిక షాపులో ఉండదు. ఇంకో మాట. డ్యాష్‌బోర్డు మీద దుర్గమ్మ విగ్రహం, తెల్ల తువాలు, మెరిసే అత్తరు సీసా ఉంటే ఎండలో వాటి నీడ అద్దంలో ప్రతిబింబించి వీడియో నిండా పరుచుకుంటుంది. అమ్మవారిని కదపనక్కర్లేదు. తువాలు తీసేసి, లెన్సుకు తొడిగే పోలరైజర్ ఫిల్టరు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

తీగ దగ్గరే అసలు ప్రమాదం. ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ పని చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. పైకప్పు గుడ్డ అంచులోకి తీగను వేలితో నొక్కుకుంటూ వచ్చి, ముందు పిల్లర్ (ముందు అద్దం పక్కన నిలువుగా ఉండే స్తంభం) దగ్గర ఆగాడు. కారు యజమాని తొందరపెడుతున్నాడు: "పైనుంచి దోపేయన్నా, కనపడదుగా." అతను వినలేదు. పిల్లర్ ప్లాస్టిక్ మెల్లగా ఊడదీసి లోపల చుట్టి ఉన్న గుడ్డ గొట్టాన్ని చూపించాడు. "ఇది ఎయిర్‌బ్యాగ్ సార్. దీని మీదుగా తీగ లాగితే, ఇది విచ్చుకున్న రోజు తీగా ప్లాస్టిక్కూ కలిసి మీ మొహం మీదికొస్తాయి." తీగను ఆ గొట్టానికి వెనకగా, కారు బాడీలో ముందే ఉన్న తీగల కట్టతో పాటు దించి ట్యాగు వేశాడు. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పక్కల నుంచి తెరలా విచ్చుకునేవి ఆ పిల్లర్ లోపలి నుంచే పైకప్పు అంచు వెంట పోతాయి. మీ పని చేసే మనిషి పిల్లర్ తీయకుండా తీగను పై నుంచి దోపుతుంటే ఆపమని చెప్పండి. పిల్లర్ తీయడం చేతకాదంటే తీగను తలుపు రబ్బరు బీడింగు సందులోంచి కిందికి దించమనండి, అదీ ఎయిర్‌బ్యాగు దారికి అడ్డం రాదని చూసుకున్నాకే.

కరెంటుకు తేలిక మార్గం సిగరెట్ లైటర్ సాకెట్. తీగ కోయడం లేదు, వారంటీ గొడవ లేదు. అక్కడే వదిలేసినా పగటి ప్రయాణాలకు ఏ లోటూ ఉండదు. కారు ఆపాక కూడా రికార్డింగు కావాలంటేనే హార్డ్‌వైర్ కిట్ అవసరం. అందులో మూడు తీగలు: ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజ్‌కు ఒకటి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కు ఒకటి, బాడీ బోల్టుకు ఎర్త్ ఒకటి. ఫ్యూజ్ బాక్స్‌లో దూర్చే ఫ్యూజ్ ట్యాప్ వాడాలి, కారు తీగను ఒలిచి టేపు చుట్టడం ఒప్పుకోవద్దు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజ్‌లను ముట్టుకోకూడదు. సాకెట్‌దో, ఆడియోదో ఎంచుకోవాలి. ఏ ఫ్యూజ్ ఎప్పుడు వెలుగుతుందో మీటరు పెట్టి చూడకుండా ఊహించి చెప్పే ఎలక్ట్రీషియన్‌కు కారు అప్పగించకండి.

కారు ఆపాక కూడా రికార్డు చేసే ఈ పార్కింగ్ మోడ్ మీద నాకు పెద్ద మోజు లేదు. లెక్క చూడండి. కెమెరా నాలుగైదు వాట్లు తింటుంది, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 0.4 ఆంపియర్. రోజంతా కలిపితే 10 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తమే 35. స్టేషన్లో కారు నిలిపి హైదరాబాద్ వెళ్లి రెండు రోజుల తర్వాత వస్తే సెల్ఫ్ తీసుకోదు. కిట్‌లో వోల్టేజి తగ్గితే ఆపే కటాఫ్ ఉంటుంది. దాన్ని 11.8 దగ్గర వదిలేస్తే అప్పటికే బ్యాటరీ దాదాపు ఖాళీ, 12.2 లేదా 12.4 దగ్గర పెట్టాలి. వేసవి పగలు పార్కింగ్ మోడ్ నడిపితే, ఎండ వేడికి కెమెరా తన వేడి కూడా కలుపుకుంటుంది. అపార్టుమెంటు సెల్లార్లో నిలిపే కారుకు ఇది అక్కర్లేదు. రాత్రంతా వీధిలో ఉండే కారుకు, అదీ రాత్రిపూట మాత్రమే వాడుకుంటే అర్థముంది.

వెనక కెమెరా మాత్రం ఉండాలి. బెంజి సర్కిల్‌లో, బందరు రోడ్డు సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు దెబ్బ తగిలేది వెనకే. డిక్కీ తలుపు ఉన్న కార్లలో తీగను తలుపు రబ్బరు గొట్టంలోంచే పంపాలి. బయటి నుంచి వేలాడదీస్తే తీసి మూసే ప్రతిసారీ నలిగి కొన్నాళ్లకు తెగుతుంది.

సెట్టింగుల్లో మార్చాల్సినవి కొద్ది. టైమ్ జోన్ 5:30 పెట్టాలి, తేదీ సరిచూడాలి. జీపీఎస్ ఉంటే గడియారం తనంతట తానే సరిదిద్దుకుంటుంది. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ పెట్టకపోతే లైట్ల వెలుగులో చారలు కదులుతుంటాయి. వేగం వీడియో మీద పడాలా వద్దా అన్నది ఆలోచించుకోండి. ఎదుటివాడి తప్పును చూపించే వీడియోలోనే మీ 110 కూడా కనిపిస్తుంది.

కోర్టు మెట్లెక్కితే

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. పాత చట్టంలో 65బీ సెక్షన్ చెప్పిన పనిని ఇందులో 63వ సెక్షన్ చెబుతుంది: ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా ఇస్తే దానికి ధ్రువపత్రం జతచేయాలి. చట్టం చివర ఇచ్చిన నమూనాలో రెండు భాగాలున్నాయి. ఒకటి రికార్డు ఇచ్చేవారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మొత్తం నుంచి కంప్యూటర్ లెక్కగట్టే ఒక సంకేతం) రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి తర్వాత ఎవరూ చేయి పెట్టలేదని దానితో చూపవచ్చు. ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో, పాత చట్టం కింద, అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో తేల్చింది. అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి చూపిస్తే మాత్రం ఆ అవసరం లేదని కూడా అందులోనే చెప్పింది.

ఇందులోంచి మనకు కావలసింది ఇది: కార్డే అసలు సరుకు. ప్రమాదం జరిగితే ముందు గాయపడినవాళ్లను చూడండి, 108కి ఫోను చేయండి. ఆ తర్వాత కెమెరా ఆపి కార్డు బయటికి తీసేయండి. కెమెరా నడుస్తూ ఉంటే అది తన పని తాను చేసుకుంటూ చెరిపేస్తుంది. వాట్సాప్‌లో పంపిన వీడియో కుంచించుకుపోయి అసలు ఫైలుతో సరిపోలదు. బంధువులకు చూపడానికి పనికొస్తుందేమో గానీ సాక్ష్యానికి పనికిరాదు. ముక్కను కత్తిరించడం, బాణం గుర్తులు పెట్టడం కూడా నకలు మీదే చేయాలి. వీడియోను సోషల్ మీడియాలో పెట్టడం ఎంత మాత్రం మంచిది కాదు. కేసు తేలకముందే ఎదుటివాడి మొహం ఊరంతా తిరుగుతుంది, మీరే ఇంకో తగవులో ఇరుక్కుంటారు.

పోలీసులు కార్డు అడిగితే ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు కంప్యూటర్లో మొత్తం కార్డుకు నకలు తీసుకుని, స్వాధీనం చేసుకున్నట్టు రాసిన కాగితంలో కార్డు కంపెనీ, సైజు, దాని మీద ముద్రించిన సంఖ్య ఉన్నాయో లేదో చూసి, ఆ కాగితం నకలు ఒకటి అడిగి తీసుకోండి. డ్యాష్‌బోర్డు అరలో ఫార్మాట్ చేసిన కార్డు ఇంకొకటి ముందే ఉంటే, ఇంటికి వచ్చే దారిలో కూడా కెమెరా పనిచేస్తూ ఉంటుంది.